కంటిన్యూటీలో ఉన్న గ్రౌండు

మా ఇంట్లో నీళ్ల సీసాలు తొమ్మిది, మూతలు ఐదు. ఆ ఐదింటిలో సరిగ్గా బిగిసేవి రెండే. మిగిలిన మూడూ బిగిసినట్టు నటిస్తాయి. బ్యాగులో పెట్టిన పావుగంటకి సోషల్ పుస్తకం తడిసి ముద్దవుతుంది. మా వాడు దాన్ని ఫ్యాను కింద పరిచి, ఆ వంకన చదవడం మానేస్తాడు. సీసాలు తయారుచేసేవాడికి పిల్లలు లేరని నా అనుమానం. ఉన్నా, వాళ్లు నీళ్లు తాగరు.

సరిగ్గా బిగిసే రెండు మూతల్లో ఒకటి మా అమ్మాయి నీలం సీసాది. స్టీలుది, అడుగున సొట్ట. పోయిన ఏడాది ఆ సీసా ఒక సినిమాలో నటించింది. అందుకే సీసాతో మొదలుపెట్టాను. అసలు విషయంతో మొదలుపెడితే ఇంత మర్యాదగా రాయలేను.

నేను సినిమాలకి లొకేషన్లు చూసిపెడతాను. "పాత బంగళా కావాలి, మెట్లు ఎడమవైపు ఉండాలి" అని దర్శకుడంటే, జూబ్లీ హిల్స్‌లో గేటు గేటుకీ వెళ్లి, కుక్కలతో ముందు, యజమానులతో తర్వాత మాట్లాడి ఒప్పించేవాణ్ణి నేను. షూటింగ్ అయ్యాక పగిలిన పూలకుండీ ముందు నిలబడి క్షమాపణ చెప్పేవాణ్ణీ నేనే. డిగ్రీలో సాహిత్యం చదివాను. క్షమాపణలకి అది బాగానే పనికొచ్చింది. ఆఫీసు ఫిల్మ్‌నగర్‌లో, ఇల్లు యూసుఫ్‌గూడలో. మాది గుంటూరు వైపు, మా ఆవిడది వరంగల్. ఆమె ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. అప్పటికి అమ్మాయి తొమ్మిదో తరగతి, అబ్బాయి ఐదు. మేము క్యాథలిక్కులం, అంటే ఆదివారం మాకు సెలవు కాదు.

ఆరున్నరకి పూజ. పూజ అవగానే పిల్లలకి సత్యోపదేశం క్లాసు. తొమ్మిదింటికి అబ్బాయి ఫుట్‌బాల్ మ్యాచ్. వాడు గోల్‌కీపరు. మధ్యలో ఇంటికొచ్చే టైముండదు కాబట్టి పూజకి వచ్చేటప్పుడే ప్యాంటు కింద మోకాళ్ల ప్యాడ్లు కట్టుకునేవాడు. గుళ్లో అందరూ మోకరించినప్పుడు వాడొక్కడే సుఖంగా ఉండేవాడు. ఆ ఏడాదే వాడికి మొదటి పాపసంకీర్తనం, అంటే ఫాదర్‌గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం. పాపాల జాబితా రాసుకుంటూ, గోల్ వదిలేస్తే పాపమా అని ఫాదర్‌గారిని అడిగాడట. "కావాలని వదిలేస్తే పాపమే" అన్నారట ఆయన. ఆ మాట పట్టుకుని వాడు నెల రోజులు ఇంట్లో అందరికీ తీర్పులు చెప్పాడు. నాకు అప్పట్లో ముచ్చటగానే ఉండేది.

అమ్మాయి పరిగెత్తుతుంది. ఎనిమిది వందల మీటర్లు. ఇక్కడ తొమ్మిదో తరగతి గురించి ఒక మాట చెప్పాలి. మనవాళ్లు పిల్లల వయసు ఏళ్లలో చూడరు, తరగతుల్లో చూస్తారు. తొమ్మిదంటే ఆటలకి ఆఖరి ఏడాది. పదిలో ఆటల పీరియడ్ లెక్కల సారు తీసుకుంటాడు. సాయంత్రం స్టడీ అవర్స్ తీసుకుంటాయి. ఇంటర్‌లో ఆ బెంగే ఉండదు, ఎందుకంటే కాలేజీకి గ్రౌండే ఉండదు. షాపింగ్ కాంప్లెక్సు మూడో అంతస్తులో, జిరాక్సు షాపు పైన, కిటికీలు తెరవని గదుల్లో మన పిల్లలు రెండేళ్లు పెరుగుతారు. ఆ కాలేజీ హోర్డింగు మీద మాత్రం పచ్చిక, దాని మీద పరిగెత్తే పిల్లలు. ఆ పచ్చిక ఎక్కడిదో కనుక్కుందామని నేనొకసారి నిజంగానే ప్రయత్నించాను. లొకేషన్లు చూసేవాణ్ణి కదా. దొరకలేదు.

జూన్‌లో, బడి తెరిచిన వారం, మా ఆవిడ పప్పులో గరిటె పెట్టి తిప్పుతూ కూతురితో ఒప్పందం చేసుకుంది.

"స్టేట్‌కు సెలెక్ట్ అయితే టెన్త్‌ల గూడ ఉరుకు. పొద్దుగాల నేనే లేపుత. కాకుంటే బంద్. షూస్ తమ్మునికిచ్చెయ్."

"వాడి కాలు చిన్నది మమ్మీ."

"పెరుగుతది."

అమ్మాయి చెయ్యి చాపింది. ఇద్దరూ కరచాలనం చేసుకున్నారు. మా ఆవిడ మాట ఇచ్చిందంటే తప్పదు, రెండు వైపులా.

జిల్లా పోటీలు నవంబరులో. అందులో మొదటి ముగ్గురు రాష్ట్రానికి వెళ్తారు. ఆగస్టులో జోనల్ పోటీల్లో అమ్మాయి మొదటి స్థానంలో వచ్చింది, రెండో పిల్ల ఎక్కడుందో వెనక్కి తిరిగి వెతుక్కోవాల్సి వచ్చింది. బడి పీఈటీ సారు నా చెయ్యి పట్టుకుని, "సార్, మీ పాపకు నేను నేర్పేది ఏం లేదు. రోజు పొద్దుగాల గంట సేపు గ్రౌండ్ ఇయ్యండ్రి. గంతే" అన్నాడు.

ఆ గ్రౌండు మా విచారణ బడిది, విచారణ అంటే మా చర్చి కిందికొచ్చే పేట. గుడి పక్కనే, ఎర్రమట్టి, చుట్టు రెండు వందల మీటర్లు. గుడి గంట గోపురం నీడ సాయంత్రం మూడో లైను మీద పడుతుంది. యూసుఫ్‌గూడలో మేముండే వీధుల్లో రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాలి. అలాంటి చోట ఆ గ్రౌండు ఒక వింత. అమ్మాయి రోజూ ఆరింటికి అక్కడుండేది. నీలం సీసా వేపచెట్టు కింద పెట్టి పరిగెత్తేది.

సెప్టెంబరులో మా దర్శకుడికి ఒక గ్రౌండు కావాల్సి వచ్చింది. సినిమా కథ ఏమిటంటే, ఒక పేద పిల్ల పరిగెత్తి గెలుస్తుంది. "ఎర్రమట్టి ఉండాలి, వెనకాల గంట గోపురం కనబడాలి" అన్నాడు. నేను అతన్ని నగరం నాలుగు వైపులా తిప్పాను. ఒక చోట మట్టి ఉంది, గోపురం లేదు. ఇంకో చోట గోపురం ఉంది, గ్రౌండులో అపార్ట్‌మెంటు ఉంది. అతను కారు దిగకుండానే తల అడ్డంగా ఊపేవాడు. మూడో వారం నాకు పౌరుషం వచ్చింది. ఒక ఆదివారం పూజ అయ్యాక అతన్ని మా గ్రౌండుకి తీసుకొచ్చాను. అతను కారు దిగాడు. వేళ్లతో ఫ్రేము కట్టి చూశాడు. "ఇన్నాళ్లూ ఎక్కడ దాచావయ్యా దీన్ని?" అన్నాడు.

పొగడ్తకి నేను ఎంత చవగ్గా దొరుకుతానో ఆ రోజు తెలిసింది.

ఫాదర్‌గారికి విన్నపం నేనే రాశాను, నా చేతిరాతతో. దసరా సెలవుల్లో ఆరు రోజులు, పిల్లలకు ఎటువంటి ఇబ్బందీ కలగదు, గ్రౌండును ఎలా ఉందో అలాగే అప్పగిస్తాము, ప్రహరీ గోడకు రంగు వేయిస్తాము. ఇలాంటి ఉత్తరాలు నేను నిద్రలో కూడా రాయగలను, బహుశా నిద్రలోనే రాశాను. ఫాదర్‌గారు చదువుతూ గోడ అన్న మాట దగ్గరికొచ్చి ఆగిపోయారు. ఆ గోడకి సున్నం వేసి ఏళ్లయింది. "మంచి పని బాబూ" అని అక్కడికక్కడే సంతకం పెట్టారు.

మా ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్లు వచ్చి గ్రౌండు చూసి పెదవి విరిచారు. పేదపిల్ల పరిగెత్తే గ్రౌండు ఇంత బాగుంటే ఎలా? లారీలో రాళ్లు తెచ్చి చల్లారు. ఎండుగడ్డి తెచ్చి నాటారు. ప్రహరీ గోడకి మాట ప్రకారం రంగు వేశారు, ఆరాక దాని మీద పాచి పట్టినట్టు ఇంకో రంగు వేశారు. ఆరు రోజుల్లో నాలుగు రోజులు హీరోయిన్ రాలేదు. ఆమె డేట్లు వేరే సినిమాలో ఇరుక్కున్నాయి. వచ్చాక వాన. వాన ఆగాక, వాన సీను బాగుంటుందని దర్శకుడికి తోచి ట్యాంకర్లతో వాన. బడి తెరిచారు, షూటింగ్ ముగియలేదు. చుట్టూ తాడు కట్టి, పిల్లలు గోడ వారగా నడవాలని బోర్డు పెట్టారు. ఆరు రోజులు నాలుగు వారాలైంది.

సెలవుల మొదటి రోజు పొద్దున్నే అమ్మాయి ఎప్పట్లాగే వెళ్లింది. గేటు దగ్గర యూనిట్ పెట్టిన వాచ్‌మన్ ఆపాడు.

"పాపా, లోపలికి పోవద్దు. షూటింగ్ ఉన్నది."

"ఇది మా బడి అంకుల్."

"గిప్పుడైతే సినిమోళ్లది."

ఆమె తిరిగొచ్చి, నేను టీ తాగుతుంటే ఎదురుగా కూర్చుంది. "డాడీ, పొద్దున ఒక్క గంట అడుగు. లైన్ల మీద అడుగు పెట్టను. పక్కనుంచి పరిగెడతా. మీవాళ్లు వచ్చేసరికి వెళ్లిపోతా."

"అడుగుతానమ్మా" అన్నాను. అడుగుదామనే వెళ్లాను.

నేను సెట్‌లోకి అడుగుపెట్టేసరికి అసోసియేట్ డైరెక్టరు ఎవరినో తిడుతున్నాడు. ఒక కుక్క లైన్లకి అడ్డంగా పరిగెత్తి పాదాల గుర్తులు పెట్టింది. ముందు షాట్‌లో ఆ గుర్తులు లేవు, తర్వాతి షాట్‌లో ఉండకూడదు. దాన్నే మావాళ్లు కంటిన్యూటీ అంటారు. ఆ పేరు చెప్పి మా పరిశ్రమలో ఎవరినైనా దేనికైనా తిట్టొచ్చు. అతను నా వైపు తిరిగి, "ఏంటి సార్, ఏమైనా చెప్పాలా?" అన్నాడు. "టిఫిన్లు వచ్చాయా అని" అన్నాను.

సాయంత్రం అమ్మాయి గుమ్మంలోనే పట్టుకుంది.

"అడిగావా?"

"అడిగానమ్మా. కుదరదన్నారు. కంటిన్యూటీ అట."

"ఎవర్ని అడిగావు?"

"అందర్నీ."

ఎవర్నీ అడగలేదు. తర్వాతి వారం అడుగుదామనుకున్నాను. అప్పటికే కుదరదన్నారని చెప్పాను కాబట్టి, అడిగితే వాళ్లు సరేనంటారేమోనని భయం వేసింది. చదువుకున్నవాడు ఇంత తెలివిగా ఇరుక్కోవడం నేను వేరేచోట చూడలేదు.

ఆమె రోడ్డెక్కింది. ఇంటి నుంచి కృష్ణానగర్ మీదుగా ఫిల్మ్‌నగర్ ఎత్తు దాకా, మళ్లీ వెనక్కి. పొద్దున్నే కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులు వ్యాన్ల కోసం రోడ్డు మీద నిలబడి ఉంటారు, మేకప్ సామాను సంచులతో. మొదటి రోజు వాళ్లు ఈమెను చూసి దారి ఇచ్చి, "ఏ సినిమా పాపా?" అని అడిగారట. కెమెరా లేకుండా ఆ వేళప్పుడు ఆడపిల్ల అంత గట్టిగా పరిగెత్తుతుందని వాళ్లకి తోచలేదు. రెండో వారానికి "కమాన్ చెల్లే!" అని చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. నేను బైకు మీద వెనకాల వెళ్తూ, ఎత్తు ఎక్కితే ఊపిరి బలపడుతుందని సలహాలిచ్చేవాణ్ణి. అపరాధం చేసినవాడికి సలహాలు బాగా వస్తాయి.

మూడో వారం ఆమె మెట్లు దిగుతూ గోడ పట్టుకోవడం మా ఆవిడ చూసింది. కుర్చీలో కూర్చోబెట్టి, కాలు ఒళ్లో పెట్టుకుని, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కుతూ వచ్చింది.

"గీడ నొస్తున్నదా?"

"లేదు."

"గీడ?"

"లేదు."

"గీడ?"

అమ్మాయి కుర్చీలోంచి లేచింది.

"సిమెంటు రోడ్డు మీద, ఎత్తుకు, రోజు ఉరికితే బొక్క వాయదా? ఎవరిచ్చిండ్రు నీకీ సలహా?"

ఇద్దరూ నా వైపు చూశారు. అబ్బాయి కూడా చూశాడు, వాడికి సంబంధం లేకపోయినా.

"మీ సినిమాల ఉరికే పిల్లకు గ్రౌండ్ దొరికింది" అంది మా ఆవిడ, గొంతు పెంచకుండా. "నీ ఇంట్ల ఉరికే పిల్లకు రోడ్డు దొరికింది. కథ మంచిగున్నది. మీ డైరెక్టర్‌కు చెప్పు."

నాకు కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు. దర్శకుడి మీద, కుక్క మీద, వాన మీద, గోడ దగ్గర ఆగిపోయిన ఫాదర్‌గారి మీద, పదో తరగతిని కనిపెట్టినవాడి మీద. అప్పట్లో నా కోపానికి చాలామంది దొరికేవాళ్లు. అవసరమైన ఒక్కణ్ణి మాత్రం తప్పించుకుని తిరిగేది.

నీలం సీసా సంగతి కూడా అప్పుడే తెలిసింది. సెలవులకి ముందురోజు అమ్మాయి దాన్ని వేపచెట్టు కింద మరిచిపోయింది. ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్లు చూసి మురిసిపోయారు. "ఆ సొట్ట మేం కొట్టినా అంత సహజంగా రాదు సార్" అన్నారు నాతో. పేదపిల్ల ఆ సీసాతో నీళ్లు తాగే షాట్ అప్పటికే తీశారు. ఇక సినిమా అయ్యేదాకా అది కదలకూడదు. అది మా అమ్మాయిదని చెప్పాను, అంతవరకు నోరు పెగిలింది. "అయ్యో, కంటిన్యూటీలో ఉంది కదండీ" అన్నారు. హీరోయిన్‌ని నేనేమీ అనను. రెండు ఇడ్లీల మీద రోజంతా నెట్టుకొచ్చే మనిషి, యాభై మీటర్లు పరిగెత్తితే దగ్గు వచ్చేది. కానీ తాడు ఇవతల నిలబడి నేను చూస్తుండగానే, మా గ్రౌండులో, ఆమె పదిహేడు సార్లు గెలిచింది.

జిల్లా పోటీలకి ముందు పది రోజులు మా ఆవిడ అమ్మాయిని అడుగు తీసి అడుగు వెయ్యనివ్వలేదు. ఐసు గడ్డలు, కట్లు. పోటీ రోజు శనివారం. ఆమె సెలవు పెట్టింది, నేను చెప్పాపెట్టకుండా మానేశాను. కంచె అవతల నిలబడ్డాం. మొదటి రౌండు అమ్మాయి రెండోది. రెండో రౌండు సగానికి మొదటిది. ఆఖరి మలుపులో కుడికాలు నేల మీద పడే తీరు మారింది. నాకంటే ముందు మా ఆవిడకి తెలిసింది, నా మోచెయ్యి పట్టుకుంది. ఒక పిల్ల దాటింది. ఇంకో పిల్ల. గీత దగ్గర మూడో పిల్ల. ఆ పిల్లకీ మా పిల్లకీ మధ్య ఒక చాచిన చెయ్యంత దూరం ఉంటుంది.

నాలుగు.

పాల్గొన్నందుకు ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే అది తడిసిపోయి ఉంది. నీలం సీసా లేదు కదా, వేరే సీసా తీసుకెళ్లింది. నటించే మూత.

ఆ సాయంత్రం అమ్మాయి షూస్ ఉతికింది. లేసులు తీసి విడిగా ఉతికి, బాల్కనీలో ఆరబెట్టి, మర్నాడు తమ్ముడి అరలో పెట్టింది. "పెద్దవి కదక్కా" అన్నాడు వాడు. "పెరుగుతావులే" అంది. ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చడానికి నేను తయారుగా ఉన్నాను. ఆ పని కూడా నాకు దొరకనివ్వలేదు. మా ఆవిడ రెండు రోజులు వంటింట్లో గిన్నెలు చప్పుడు కాకుండా కడిగింది. మా ఇంట్లో అంతకంటే పెద్ద గొడవ ఉండదు. మూడో రోజు నాతో, "ఒప్పందం నేనే చేసిన. ఇప్పుడు తప్పుతే రేపు దానికి నా మాట మీద విలువుండదు. గదే నా బాధ" అంది. నా మాట విలువ గురించి ఆమెకింకా తెలియదు.

గ్రౌండు ఎలా ఉందో అలాగే అప్పగించాం అంటే అబద్ధమే. రాళ్లలో సగం అక్కడే ఉన్నాయి. జనరేటరు వ్యాను నిలబడ్డ చోట నూనె మరక, ట్యాంకరు చక్రాల గాడులు రెండో లైను పొడవునా. గోడ మాత్రం పాచి రంగు కడిగేశాక బ్రహ్మాండంగా ఉంది.

క్రిస్మస్‌కి ముందు ఆదివారం, పూజ చివర్లో ప్రకటనలప్పుడు, ఫాదర్‌గారు నన్ను పేరు పెట్టి పిలిచారు. మన విచారణ బిడ్డ, మన బడి గోడను కళకళలాడించినవాడు అన్నారు. పీఠం ముందుకి రమ్మన్నారు. శాలువా కప్పారు. జనం చప్పట్లు కొట్టారు. నేను తల వంచి నిలబడ్డాను, వినయం అనుకున్నారు. తిరిగొచ్చి బెంచీలో కూర్చుంటే అబ్బాయి శాలువా అంచు పట్టుకుని, మెత్తగా ఉందన్నాడు. అమ్మాయి చప్పట్లు కొట్టిందో లేదో నేను చూడలేదు.

బయట, పిల్లలు బాలయేసు కోసం పశువుల పాక కడుతున్న చోట, అసోసియేట్ డైరెక్టరు కేకు డబ్బాతో నిలబడి ఉన్నాడు. యూనిట్ తరఫున పంపారట. ఇంకో చేతిలో నీలం సీసా, శుభ్రంగా తోమి. మంచి మనిషే. అదే ఇబ్బంది.

"పాపదట కదా సార్, పని అయిపోయింది. థాంక్సమ్మా" అని అమ్మాయికి ఇచ్చాడు. "నువ్వు రన్నర్‌వట కదా? ఇప్పుడే మీ పీఈటీ సార్ చెప్పారు. ఇక్కడే ప్రాక్టీసు చేసేదానివా?"

"షూటింగ్ ముందు దాకా" అంది అమ్మాయి.

"అయ్యో, షూటింగప్పుడు కూడా చేసుకోవాల్సిందమ్మా! మా కెమెరా తొమ్మిదింటికి ముందు ఏనాడు తిరిగింది? పొద్దున ఎనిమిది దాకా వాచ్‌మన్ తప్ప ఎవరుంటారు?"

"కంటిన్యూటీ కదండీ..." అన్నాను నేను.

"ఏం కంటిన్యూటీ సార్, లైన్లు ఎలాగూ రోజూ పొద్దున కొత్తగా వేయించేవాణ్ణి. మీరొక్క మాట అంటే పాప కోసం గేటు నేనే తీయించేవాణ్ణి." అతను కేకు డబ్బా మా ఆవిడ చేతికిచ్చి, హ్యాపీ క్రిస్మస్ చెప్పి, కారెక్కాడు.

మా ఆవిడ డబ్బా పట్టుకుని పశువుల పాక వైపు చూస్తూ నిలబడింది. అబ్బాయి నా వైపు చూశాడు. గోల్ సంగతి ఎత్తుతాడేమో అనుకున్నాను, ఎత్తలేదు. ఎండ బాగా ఉంది, శాలువా బరువుగా ఉంది, తీస్తే బాగుండదని అలాగే ఉంచుకున్నాను. అమ్మాయి సీసా మూత తిప్పి చూసుకుంది. ఇంకా బాగానే బిగుస్తోంది. దాన్ని చంకలో పెట్టుకుని, నా మొహంలోకి చూసింది.

"నేను ఆ వాచ్‌మన్‌నే అడగాల్సింది డాడీ" అంది. "నిన్ను కాదు."